నాలుగో నంబరు వాళ్ళు

కలకత్తా
2 జూన్ 1994

ఇంద్రాణి దిదీకి టుకున్ నమస్కారాలు.

నువ్వు పంపిన సర్‌పూరియా మిఠాయి డబ్బా చేరింది. అంటే మా మెస్ మేనేజరు దాకా చేరింది, నా దాకా వచ్చేసరికి రెండు ముక్కలు మిగిలాయి. జామాయిబాబు పొయ్యి దగ్గరకు వెళ్ళడం లేదని, పనివాళ్ళే చేశారని నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. మీగడ కాస్త మాడింది. ఈ మాట మీ ఆయన చెవిన వెయ్యకు, లేచి వెళ్ళి గరిటె పట్టుకుంటారు. అక్కాబావల దగ్గర దాచే అలవాటు నాకు లేదు కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ పెద్ద మార్పు వచ్చింది. బర్ద్వాన్ ఆసుపత్రిలో ఆపరేషన్ గది పైకప్పు కురుస్తోందని మూసేశారు. గుండె కవాటాల ఆపరేషన్‌కి అక్కడ పేరు రాయించుకున్నవాళ్ళంతా ఇకమీదట మా ట్రస్టు ఆసుపత్రికే రావాలి. వాళ్ళ క్యూ ఫ్లాపీలో వచ్చింది. శనివారం రెండు క్యూలూ కలిపేస్తాను. ట్రస్టు వాళ్ళు వారం పడుతుందనుకున్నారు. నాకు టీ తాగినంత సేపు చాలు. ఎందుకంటే నువ్వు బోర్డు మీద చెప్పిన లెఫ్టిస్ట్ హీప్ అనే అమరికతోనే ఈ ప్రోగ్రాం రాశాను. నీ క్లాసులో నిద్రపోయానని ఇంకెప్పుడూ దెప్పకు.

జామాయిబాబు అడిగితే ఇలా చెప్పు. డాక్టరు ప్రతి రోగికీ ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక నంబరు వేస్తాడు. ఒకటంటే ఈ పూటే చెయ్యాలి, తొమ్మిదంటే నిదానం. ఒక్కో మనిషి కింద ఎడమన ఒకరు, కుడిన ఒకరు వేలాడుతుంటారు. కిందివాళ్ళ నంబరు పైవాళ్ళ కంటే చిన్నదిగా ఉండకూడదు. అందరికంటే పైనున్న మనిషిని పిలుస్తాం. ఆ మనిషి వెళ్ళాక ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ రెండు వేరువేరు క్యూలుగా మిగులుతాయి, వాటిని కలిపేస్తాం. కలిపేటప్పుడు కుడి దారిన మాత్రమే దిగుతాం. కుడివైపు ఖాళీ దగ్గరలో ఉండాలని నియమం, ఎడమ కంటే దూరమైతే చేతులు మార్చేస్తాం. అందుకే కుడి దారి ఎప్పుడూ పొట్టిగా ఉంటుంది, పని చిటికెలో అయిపోతుంది. ఎడమవైపు ఎంత లోతు పోయినా మనకు పట్టదు. కొత్త పేరు వస్తే అదొక్కటే ఒక క్యూ అనుకుని, ముందు కొత్తదాన్ని, వెనక పాతదాన్ని పెట్టి కలుపుతాను. రెండూ సమానమైతే ముందు పెట్టినదే పైన నిలుస్తుంది.

మా ఆపరేషన్ క్యూలో జామాయిబాబు నంబరు నాలుగు. సగం మంది నాలుగే. నంబరు ఒకటే అయితే ముందు వచ్చినవాళ్ళకే ముందు పిలుపు, కంగారు పడకు. ఆయన మా బావగారని సూపరింటెండెంట్ గారికి మొదటి రోజే చెప్పేశాను. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా.

నీ టుకున్

కృష్ణానగర్
9 జూన్

టుకున్‌కి ఆశీస్సులు.

నువ్వు చెప్పమన్నదంతా చెప్పాను. రెండు దిండ్లకు ఆనుకుని విన్నారు. "అంటే నేను ఎవడి చేతికో వేలాడుతున్నానన్నమాట. ఎవడో కనుక్కో మీ తమ్ముణ్ణి" అన్నారు. మళ్ళీ వెంటనే, "వద్దులే, అడగకు. వాడి ఉద్యోగం వాణ్ణి చేసుకోనీ" అన్నారు. మీగడ మాడిన సంగతి మాత్రం నీ ఉత్తరం లాక్కుని చదివి తెలుసుకున్నారు. నువ్వు రాసే పద్ధతికి చాటింపు వేసినా తక్కువే. ఆ సాయంత్రం మిఠాయి దుకాణానికి వెళ్తానని చెప్పులేసుకుని, గుమ్మం దాటకుండానే కూర్చుండిపోయారు.

ఆయన వద్దన్నారు గానీ నేను అడుగుతున్నాను. మొన్న ఆయన గుండె పరీక్షకు కలకత్తా వచ్చాం. నువ్వు మీటింగులో ఉన్నావన్నారు, కలవకుండానే తిరిగొచ్చాం. అక్కడ బెంచీ మీద రాణాఘాట్ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. కుట్లు విప్పించుకోవడానికి వచ్చిందట. మాటల్లో తెలిసింది, ఆమె నంబరూ నాలుగే, పేరు రాయించుకున్నది మా తర్వాత చాలా నెలలకు. ఆమె పక్కన ఒక తాపీమేస్త్రీ. అతనిదీ నాలుగే, అతను ఆమె తర్వాత వచ్చాడు, ఆమెకంటే ముందే ఆపరేషన్ అయిపోయింది. ఇద్దరూ మంచివాళ్ళు, వాళ్ళ మీద నాకు ఏడుపు లేదు. ముందు వచ్చినవాళ్ళకే ముందన్నావు కదా, మరి ఇదేమిటి?

రాత్రిళ్ళు పడుకోలేకపోతున్నారు. కూర్చునే కునుకు తీస్తారు. త్వరగా రాయి. ఎదురింటి ఘోషాల్ గారికి ఫోనుంది గానీ, ఆయన పక్కనే కుర్చీ వేసుకుని వింటాడు.

దిదీ

కలకత్తా
14 జూన్

దిదీకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు అడుగుతావని నేను అనుకోలేదు. ఇంకెవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇక్కడ రోజూ ఎవరో ఒకరు మిఠాయి పొట్లంతో వస్తారు, మా మేనత్త, మా వియ్యపురాలు అంటూ. అందరికీ ఒకటే జవాబు చెబుతున్నాను, ప్రోగ్రాంకి పేర్లతో పని లేదు, నంబర్లతోనే పని అని. ఆ జవాబే ఇవాళ మా అక్కకు చెప్పాల్సి వస్తోంది.

రాణాఘాట్ ఆవిడ సంగతి నాకు తెలియదు. ఒక్కో కేసు ఒక్కో రకం. మధ్యలో ఆమె నంబరు మారి ఉంటుంది. జామాయిబాబు మీద నాకు మాత్రం ప్రేమ లేదా? చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద స్కూల్లో దింపింది ఆయనే. కానీ ఆయన పేరు పైకి జరపమంటే నా వల్ల కాదు. దయచేసి మళ్ళీ అడగకు.

టుకున్

కృష్ణానగర్
19 జూన్

ఒరే టుకున్,

జరపమని నిన్నెవరు అడిగారు? నా ఉత్తరంలో ఆ మాట ఎక్కడుందో చూపించు. నీ తలలో ఉన్నదాన్ని నా కాగితం మీద చదివావు. పైగా "దయచేసి" ఒకటి. చీమిడి ముక్కుతో నా వెనక తిరిగినవాడు నాకు దయచేసి అని రాస్తున్నాడు.

నిన్న మొన్నా మీ బావతో మాట్లాడటానికే మొహం చెల్లలేదు. అల్లుళ్ళ పండగ, జామాయి షష్ఠి నాడు ఉప్పులేని చేపల పులుసు పెట్టాను. అమ్మ ఉంటే ఇంత చప్పిడి కూడు అల్లుడికి పెట్టనిచ్చేదా? "మీ అమ్మ ఉంటే ఉప్పు డబ్బా నా పక్కనే దాచేది" అని నవ్వారు. నవ్వితే దగ్గు వస్తుంది, అందుకని నేను నవ్వించడం మానేశాను.

సరే, విషయానికి వద్దాం. నువ్వు చెప్పకపోతే నాకు తెలియదా? మొన్న రెండో సంవత్సరం పిల్లలకు ఇదే పాఠం. బోర్డు మీద నీ మొదటి ఉత్తరంలో రాసినట్టే చేశాను. అందరికీ నాలుగే అనుకో. మొదట ఒకడు వచ్చాడు, వాడే పైన. రెండోవాడు వచ్చాడు. కొత్తవాణ్ణి ముందు పెట్టి కలుపుతానన్నావు, సమానమైతే ముందు పెట్టినదే పైన అన్నావు. కాబట్టి రెండోవాడు పైకెక్కాడు, మొదటివాడు వాడి కుడి చేతికి వెళ్ళాడు. ఎడమ ఖాళీ. నియమం ఒప్పుకోదు, చేతులు మార్చాం. మొదటివాడు ఎడమన వేలాడుతున్నాడు. మూడోవాడు వచ్చాడు, ఆ ఇద్దరూ కలిసి వాడి ఎడమ చేతికి. పదిమంది వచ్చేసరికి బోర్డు ఎడమ అంచు దాకా ఒకే తాడులా దిగిపోయింది. ఒక పిల్ల లేచి, "మేడమ్, ఇందులో చివర వచ్చినవాడు ముందు పోతాడు కదా" అంది. గంట కొట్టేదాకా నేను ఆ బోర్డు తుడవలేదు.

నీది క్యూ కాదురా, ఎంగిలి పళ్ళాల దొంతర. ఎప్పుడూ మీది పళ్ళెమే ఎత్తుతున్నావు. అడుగున ఉన్నది మీ బావ. ఎవరో ఒకరు కొత్తగా పేరు రాయించుకున్న ప్రతిసారీ ఆయన ఇంకొక మెట్టు కిందికి దిగుతున్నారు. నువ్వు కావాలని చేయలేదు, అది నాకు తెలుసు. హీప్ తప్పు కూడా కాదు. అది నంబరు చూస్తుంది, సమానమైనవాళ్ళలో ఎవరు ముందొచ్చారో గుర్తుంచుకుంటానని ఎవరికీ మాట ఇవ్వలేదు. ఆ మాట ఇచ్చింది నువ్వు. కలిపే వరస తిరగేస్తే కొంత బాగుపడుతుంది గానీ చేతులు మారినప్పుడల్లా మళ్ళీ చెదురుతుంది. నంబరు పక్కన పేరు రాయించుకున్న తేదీ కూడా పెట్టు. నంబర్లు సమానమైతే తేదీ చూసి పోల్చమను. ఒక్క పూట పని.

ఈ ఉత్తరం అందగానే చెయ్యి.

దిదీ

కలకత్తా
25 జూన్

దిదీకి,

నువ్వు చెప్పింది నిజమే. కాగితం మీద వేసుకుని చూశాను, మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. నేను ముందు రాసిన ఉత్తరానికి సిగ్గుపడుతున్నాను. దాన్ని పొయ్యిలో పడెయ్యి.

కానీ ఇప్పుడే సరిచేయలేను. కొన్నాళ్ళు ఆగు. దుర్గాపూజ అయ్యేదాకా కొత్త పేర్లు రాసుకోవడం ఆపేశారు, బర్ద్వాన్ వాళ్ళ భారం మీద పడింది కదా. కాబట్టి ఇప్పుడు పైన కొత్తవాళ్ళెవరూ వచ్చి చేరరు. కలిపేటప్పుడు కూడా కలకత్తా క్యూని ముందు పెట్టాను, బర్ద్వాన్‌ది వెనక పెట్టాను. ఉన్నదాన్ని ఉన్నట్టు కొంతకాలం ఉండనిస్తే మంచిది. ఎందుకని అడగకు దిదీ, నీ మేలు కోరే చెబుతున్నాను. ఇక్కడ మా బావగారి పేరు ఉన్న ప్రోగ్రాంలో నేను వేలు పెడితే ఏమంటారో కూడా చూసుకోవాలి.

వానలు మొదలయ్యాయి. మెస్‌లో పులస చేప అని చెప్పి ఇంకేదో పెడుతున్నారు. జామాయిబాబుని దుకాణం వైపు వెళ్ళనివ్వకు. తొందరలోనే మంచి కబురు వస్తుందని చెప్పు.

టుకున్

కృష్ణానగర్
1 జులై

టుకున్,

నీ ఉత్తరం ఆయనకు చూపించలేదు. చూపించడానికి నాకే సిగ్గేసింది.

తప్పు ఉందని తెలిశాక కూడా ఆగమంటావా? పూజ దాకా? పేరు పోతుందని భయం, వేలెత్తి చూపుతారని భయం. నీ పేరు శుభ్రంగా ఉండటానికి ఇక్కడ ఒక మనిషి కూర్చుని నిద్రపోవాలన్నమాట. నా మేలు కోరి అని ఒక తోక కూడా తగిలించావు. నేను నీకు చదువు చెప్పింది ఇందుకేనా?

మా ఒక్కరి కోసం అడుగుతున్నానని మళ్ళీ అనుకుంటావు, అందుకని ఇది విను. పోయినసారి పరీక్షకు వచ్చినప్పుడు బర్ద్వాన్ నుంచి ఒక బస్సు కండక్టర్ వచ్చాడు. పేరు కమరుల్ షేక్. నాలుగే. మా కంటే దాదాపు ఏడాది ముందు పేరు రాయించుకున్నాడు. టిక్కెట్టు అని గట్టిగా అరవలేక ఉద్యోగానికి సెలవు పెట్టాడట. అతని భార్య గ్లాసుతో మీ బావకు కూడా మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అలాంటివాళ్ళు ఎంతమంది నీ దొంతర అడుగున పడి ఉన్నారో ఒక్కసారైనా చూశావా? ముందొచ్చినవాళ్ళకు అన్యాయం చేసి, దాన్ని ఉన్నదున్నట్టు ఉండనిస్తే మంచిదని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

సోమవారం లోపల సరిచేయకపోతే సూపరింటెండెంట్ గారికి నేనే రాస్తాను. బోర్డు మీద వేసినట్టు బొమ్మ వేసి మరీ రాస్తాను. అప్పుడు అక్క పరువు తీసిందని ఏడవకు.

ఇంద్రాణి

కృష్ణానగర్
4 జులై

టుకూ,

మొన్నటి ఉత్తరం నీకు అందేలోపే ఇది అందితే బాగుండు. అందదని తెలుసు.

ఇవాళ క్లాసు లేదు. సూపరింటెండెంట్ గారికి పంపడానికి బొమ్మ వేద్దామని కూర్చున్నాను. కలకత్తా తాడు ఒకటి, బర్ద్వాన్ తాడు ఒకటి. నువ్వు చెప్పినట్టే కలకత్తాను ముందు పెట్టి కలిపాను. బర్ద్వాన్ తాడు మొత్తం వచ్చి కుడి చేతికి తగులుకుంది. పైవాణ్ణి తీశాను, రెండు చేతులూ కలిపాను. మళ్ళీ కలకత్తావాడే పైన, మళ్ళీ బర్ద్వాన్ కుడి చేతిలోనే. ఇంకోణ్ణి తీశాను, అంతే. కొత్తవాళ్ళు లేరు కాబట్టి తాడు పొట్టిదవుతూ పోయింది. కలకత్తా నాలుగుల్లో చివరివాడు మీ బావ. ఆయన వంతు అయ్యేదాకా బర్ద్వాన్ వాళ్ళలో ఒక్కరికీ పిలుపు రాదు. ఆసుపత్రి నుంచి వచ్చేవాళ్ళను అడిగితే కలకత్తా నాలుగులు దాదాపు అయిపోయాయంటున్నారు. అంటే ఈయన వంతు ఈ వారమో, పై వారమో.

తేదీ పెడితే కమరుల్ షేక్ ముందొస్తాడు. అతని వెనక అతనిలాంటివాళ్ళంతా వస్తారు.

ఎందుకని అడగకన్నది ఇందుకా? ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ ఉత్తరం రాసేదాన్ని కాదు కదరా. పిరికివాడివన్నాను. ఎన్ని మాటలన్నాను.

ఆ ప్రోగ్రాం ముట్టుకోకు. నేను ఎవరికీ ఏమీ రాయను. ఆయన ఆపరేషన్ అయ్యాక తేదీ పెట్టు, నెల పెట్టు, నీ ఇష్టం. సోమవారం అన్నాను కదా, అది కొట్టెయ్యి. ముట్టుకోకు టుకూ. నీకు పుణ్యముంటుంది.

దిదీ

కలకత్తా
4 జులై

దిదీ,

నీ ఒకటో తారీఖు ఉత్తరం పొద్దున్నే అందింది. చదివాను. నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఇప్పుడు చెబుతాను, నేనెందుకు ఆగమన్నానో. పాత పద్ధతిలోనే వదిలేస్తే జామాయిబాబుకి పై మంగళవారం పిలుపు వచ్చేది. బర్ద్వాన్ వాళ్ళంతా ఆయన వెనక. ఆ తప్పు నేను కావాలని చేసింది కాదు, కానీ తెలిశాక కావాలనే ఉంచాను. నీకోసమే అనుకున్నాను. నీకు చెబితే నువ్వూ ఇందులో ఇరుక్కుంటావని చెప్పలేదు. నా పేరు శుభ్రంగా ఉంచుకోవాలని కాదు, అదొక్కటీ నమ్ము. కానీ నువ్వు కమరుల్ షేక్ పేరు రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మా అక్క ఇలాంటి మనిషి, నేను ఆమె పేరు చెప్పుకుని ఇలాంటి పని చేస్తున్నానా అనిపించింది.

తేదీ పెట్టేశాను. సూపరింటెండెంట్ గారికి వివరించాను. ఆయనకు ఒక్క అక్షరం అర్థం కాలేదు, సంతకం పెట్టి టీ తెప్పించారు. కమరుల్ షేక్‌కి ఇవాళే పిలుపు కార్డు వెళ్ళింది. జామాయిబాబు చాలా వెనక్కి వెళ్ళారు. పూజ లోపల కష్టమే.

బాధగానే ఉంది. కానీ నీ మాటే నిలబెట్టాను దిదీ, తల ఎత్తుకుని రాస్తున్నాను.

టుకున్

కలకత్తా
7 జులై

దిదీ,

నీ నాలుగో తారీఖు ఉత్తరం ఇప్పుడే అందింది. నా ఉత్తరం అక్కడ నీకూ అంది ఉంటుంది.

ప్రోగ్రాంలో మార్చింది ఒక్క పంక్తే. తీసేస్తే పది నిమిషాల్లో పాత పద్ధతి వచ్చేస్తుంది. ఇక్కడ నేను తప్ప దాన్ని చదవగలిగినవాళ్ళు లేరు. కమరుల్ షేక్‌కి కార్డు వెళ్ళిపోయింది, అతన్ని వెనక్కి పంపలేను. అతని తర్వాత ఇంకెవరికీ కార్డులు వెళ్ళలేదు. జామాయిబాబుని అతని వెంటనే పిలిపించి, ఆయన ఇంటికొచ్చాక మళ్ళీ పెట్టేస్తాను. నువ్వు తీయమంటే తీస్తాను. నా అంతట నేను తీయలేను, నువ్వు చెప్పాలి. ఘోషాల్ గారింటి నుంచి ఫోన్ చేసి "సరే" అను చాలు, ఆయనకు అర్థం కాదు.

సోమవారం దాకా కార్డులు ఆపి ఉంచుతాను.

టుకున్

కృష్ణానగర్
12 జులై

టుకున్‌కి,

సోమవారం ఫోన్ కోసం ఎదురుచూసి ఉంటావు. ఈ ఉత్తరం అందేసరికి ఆలస్యమైపోయిందని నువ్వే కార్డులు పంపేసి ఉంటావు. అయినా నోటితో చెప్పనిది రాసి చెబుతున్నాను, ఆ తేదీ తీయకు.

నాకేదో ధర్మం గుర్తొచ్చి కాదు. ఆదివారం ఘోషాల్ గారింటికి వెళ్ళాను. ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నీ ఆఫీసుకు సెలవని మరిచిపోయి నంబరు తిప్పాను, మోగి మోగి ఆగిపోయింది. సోమవారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఫోన్ ఎత్తి తిప్పకుండా పెట్టేశాను. కమరుల్ భార్య గుర్తొచ్చింది. ఆవిడలాంటివాళ్ళు బర్ద్వాన్‌లో ఇంకా ఉన్నారు కదా. ఫోన్ చేసే చోటు ఉంటే వాళ్ళూ చేసేవాళ్ళే. వాళ్ళకు నీలాంటి తమ్ముడు లేడు, అంతే తేడా. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

నేను మంచిదాన్నని మాత్రం అనుకోకు. తర్వాత ఏం చేశానో కూడా విను. సోమవారం మధ్యాహ్నం మీ ట్రస్టు డాక్టరు ఇక్కడి ఆసుపత్రికి వచ్చాడు, నంబర్లు మళ్ళీ చూడటానికి. రిక్షాలో మీ బావను తీసుకెళ్తూ దారంతా ఒకటే కోరుకున్నాను. కాళ్ళ వాపు పెరిగి ఉండాలని. ఊపిరి ఇంకా అందకుండా ఉండాలని. పెరిగితే నాలుగు మూడవుతుంది, మూడైతే ఈ తేదీలేవీ అడ్డురావు, ఎవరి వంతూ లాక్కున్నట్టు కాదు. పక్కనే కూర్చుని, ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని, ఆయన రోగం ముదరాలని కోరుకున్నాను.

ఆయనకు ఈ సంగతులేవీ తెలియవు. నువ్వూ చెప్పకు.

డాక్టరు చాలాసేపు గుండె విన్నాడు. బయటికి వచ్చి నవ్వుతూ, "అదృష్టవంతులు, ఏమాత్రం ముదరలేదు. నాలుగే ఉంచుతున్నాను" అన్నాడు. మీ బావ సంతోషంతో నా చెయ్యి పట్టుకున్నారు. "డాక్టరు గారికి నమస్కారం పెట్టు, అలా నిలబడిపోయావేం" అన్నారు.

పెట్టాను.

దిదీ